నల్లబడని బొట్టు

"బొట్టు ఎర్రగానే ఉంది మేడం. మనిషే నల్లబడిపోతోంది."

ఫోన్లో డాక్టర్ మస్తాన్‌వలి ఈ మాట అన్నప్పుడు మధ్యాహ్నం మూడయింది. హైమావతి ల్యాబులో టీ తాగుతోంది. మస్తాన్‌వలి గుంటూరుకి అరవై కిలోమీటర్ల దూరంలో, మిరప చేల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. ఎంత పనిలో ఉన్నా ముందు పిల్ల చదువు, ఇంటాయన ఆరోగ్యం అడిగిగానీ అసలు సంగతికి రాని మర్యాదస్తుడు. ఆవేళ నమస్కారం కూడా మింగేశాడు.

"ఎవరండీ?"

"కోటమ్మ అని, రావులకొండ కాయకోత ముఠాకి మేస్త్రి. మీకు తెలుసని కోడలు చెబుతోంది."

తెలుసు. హైమ తన చేత్తో మొట్టమొదటి చెమటబొట్టు పెట్టిన నుదురు ఆ కోటమ్మదే.

"వాంతులు, ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. ఛాతీ మీద చెవి పెడితే బుడబుడలు. ఇది పురుగుమందు కాకపోతే నా చదువు దండగ. కానీ మీ బొట్టు చూడబోతే నిక్షేపంలా ఉంది. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ కాయ కోశారట. పొద్దున తొమ్మిదింటికే వాంతి అయితే, బొట్టు ఎర్రగానే ఉందిగా అని మధ్యాహ్నందాకా చేలోనే ఉంచేశారు."

"ట్రీట్‌మెంటు..."

"బట్టలు తీయించి, జుట్టుతో సహా సబ్బుతో కడిగించాను. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తున్నాను. ఛాతీ పొడిబారేదాకా ఆపను. అది నా పని. బొట్టు సంగతి మీరు చెప్పండి."

హైమ టీ గ్లాసు కింద పెట్టింది. "ఆ బిళ్ళ ఏదో పాడైంది అనుకుంటానండీ. చెమటకి తడిసి..."

చెమటకి తడవడానికే పుట్టిన బొట్టు చెమటకి తడిసి పాడైందట! అవతల మనిషి కంగారులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. "రేపు నేనే వచ్చి కొత్తది పెట్టి చూస్తాను," అని ఫోను పెట్టేసింది. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే భయం వేసింది.

చెమటబొట్టు హైమ పదకొండేళ్ళ కష్టం. పైకి ఫ్యాన్సీ షాపులో దొరికే స్టిక్కరు బొట్టే. లోపల మాత్రం తలవెంట్రుక కన్నా పల్చటి పొరలు ఐదు ఉంటాయి. నరం కండకి "కదులు" అని చెబుతుంది. చెప్పిన మాటని మరుక్షణం తుడిచేసే పదార్థం ఒకటి ఒంట్లో ఉంటుంది. పురుగుమందు వెళ్ళి దాని చేతులు కట్టేస్తుంది. తుడిచేవాళ్ళు లేక నరం అరిచిన మాటే అరుస్తుంది. కళ్ళూ ముక్కూ నోరూ కారతాయి, కండలు వాటంతటవే ఎగురుతాయి, చివరికి ఊపిరి తీసే కండలు అలిసి ఆగిపోతాయి. ఆ తుడిచే పదార్థం జాడ చెమటలో పట్టుకోవచ్చని హైమ కనిపెట్టింది. అది సరిపడా ఉంటే బొట్టు ఎర్రగా ఉంటుంది. ఒక గీత దాటి పడిపోయిందా, పావుగంటలో నల్లబడుతుంది. నల్లబడితే చేలోంచి బయటికి వచ్చి, ఒళ్ళు కడుక్కుని, ఆసుపత్రికి పోవాలి. చదువురాని మనిషికి కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

డ్రోన్లు వచ్చి మందు కొట్టే పని మనుషులకి తప్పిస్తాయని ఎప్పటినుంచో అంటున్నారు. వచ్చాయి, పెద్ద కమతాలకి. ఎకరం, రెండెకరాల కౌలుచేలల్లో మాత్రం ఇప్పటికీ మగవాళ్ళు మందు కొడుతుంటే ఆడవాళ్ళు వెనక పైపు లాగుతారు. చీర మీద చొక్కా, తలకి తువ్వాలు, మూతికి గుడ్డ. వాళ్ళ ఒంటి మీద గాలి తగిలే జానెడు చోటు నుదురే. అందుకని అక్కడ బొట్టు. మగవాళ్ళకీ, బొట్టు అలవాటు లేనివాళ్ళకీ చెవి వెనక బిళ్ళ. "ఎవరి బొట్టు వాళ్ళకి కనపడదు, పక్కమనిషే చూసి చెప్పాలి. ఒకరి ప్రాణానికి ఒకరు కాపలా," అని హైమ ఒక సభలో అంటే చప్పట్లు ఆగలేదు. ఆ మాట ఆమెకీ భలే నచ్చింది. తర్వాత నాలుగు సభల్లో అదే మాట అంది.

పేచీ అంతా ఆ గీత దగ్గరే వచ్చింది.

మొదట గీతని ల్యాబులోవాళ్ళతోనే పెట్టింది. తను, శిష్యులు, క్యాంటీన్లో వంటమనిషి, మొత్తం ఇరవైమంది. వాళ్ళ సగటుని నూరు అనుకుని, యాభై కన్నా కిందికి పడితే నల్లబడేట్టు చేసింది. కిందటేడు డిసెంబర్లో ఆ బొట్లు పట్టుకుని రావులకొండ వెళ్ళింది. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఎవరూ మందు కొట్టడంలేదు. బడి వరండాలో చాపలు పరిచి కోటమ్మ ముఠాని కూర్చోబెట్టింది. పన్నెండుమంది ఆడవాళ్ళు.

"మేడంగారు మనకి పేరంటం చేస్తన్నారే!" అని ఒకావిడ నుదురు ముందుకి చాపింది.

పావుగంటకి పన్నెండు బొట్లూ నల్లబడ్డాయి.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. "బొట్టు పెడతానని దిష్టిచుక్కలు పెట్టావేందమ్మా!" అంది కోటమ్మ. యాభై దాటిన మనిషి. ఆమె నవ్వితే ముఠా అంతా నవ్వుతుంది, ఆమె లేస్తే అంతా లేస్తారు.

హైమకి నవ్వు రాలేదు. కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది.

"ఒంట్లో ఏమైనా బాగాలేదా కోటమ్మా?"

"ఏం లేదమ్మా. మామూలే."

"తలనొప్పి?"

"సాయంత్రానికి తలనొప్పి రాకపోతే పని చేసినట్టా? మామూలే."

"కళ్ళనీళ్ళు కారతాయా?"

"మిరపచేలో కళ్ళనీళ్ళు రాక పన్నీరొచ్చిద్దా? మామూలేనమ్మా, రాసుకో. మా అందరికీ అదే రాసుకో."

హైమ రాసుకుంది. పన్నెండు పేర్ల పక్కనా ఒకే మాట రాసింది. ఆమె కాగితంలో మామూలు అంటే జబ్బు లేదని. కోటమ్మ నోట్లో మామూలు అంటే రోజూ ఉండేదని. ఈ తేడా హైమకి తెలియక కాదు. ఆమె తాతలు మాట్లాడిన తెలుగే అది. కారెక్కి గుంటూరు వస్తుంటే దారి పొడుగునా ఆ తేడా మనసులో కెలుకుతూనే ఉంది.

కానీ లెక్క ఇంకోటి కూడా ఉంది. ఈ పన్నెండుమందీ నల్లబడితే ఊరు ఊరంతా నల్లబడుతుంది. జిల్లా అంతా నల్లబడుతుంది. జిల్లా అంతా విషం తిని ఉందని చెప్పే బొట్టుని ఏ అధికారి ఒప్పుకుంటాడు? బొట్టే తప్పు అంటారు. నివేదిక ఇవ్వడానికి రెండు వారాలే గడువు. వీళ్ళ తిండి వేరేమో, ఎండకి అలవాటుపడ్డ ఒళ్ళేమో అని నాలుగు సాకులు వెతుక్కుంది. మనసు దేనికీ ఒప్పుకోలేదు. అయినా పన్నెండుమంది సగటు నలభై అని రాసి, దానికి "స్థానిక మామూలు స్థాయి" అని పేరు పెట్టి, ఆ నలభైనే నూరు చేసింది. అందులో సగానికి, అంటే అసలు ఇరవైకి పడితేనే నల్లబడేట్టు గీత జరిపింది. రోగాన్నే కొలబద్ద చేసింది. జూన్‌లో ఎనిమిది వేల మంది నుదుళ్ళకి ఆ బొట్లు ఎక్కాయి, ఒక్కటీ ఊరికే నల్లబడలేదు. అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే హైమ తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఆవకాయ సీసా వెనక పాత గీత బొట్ల డబ్బా ఒకటి దాచింది. ఎందుకు దాచిందో ఏడాదిగా తనని తాను అడగలేదు. డబ్బా మూత తీసి ఉంది.

"అమ్మా, ఒకటి నేను తీసుకున్నా," అంది ప్రణుతి. పన్నెండేళ్ళ పిల్ల అప్పుడే డాన్సు క్లాసునుంచి వచ్చి గజ్జెలు విప్పుకుంటోంది. మొహం నిండా చెమట. "రెండు గంటలు ఎగిరినా ఊడలేదు. జిగురు భలే ఉంది."

పిల్ల నుదుటి మీద బొట్టు మందారంలా ఎర్రగా ఉంది. అది పాత గీత బొట్టే. యాభైకి ఏ కాస్త కిందికి పడినా నల్లబడే బొట్టు. హైమ కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అలా చూస్తూ ఉండిపోయింది. పాత గీత తప్పు కాదు. ఆ రోజూ కాదు, ఈ రోజూ కాదు. ఇన్నాళ్ళూ చెప్పుకున్న సాకులు ఆ పిల్ల నుదురు చూసేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"ఏంటమ్మా అలా చూస్తావు?"

"ఏం లేదు. వెళ్ళి స్నానం చెయ్యి."

భర్త శేషగిరి సోఫాలోంచి చూస్తున్నాడు. కాలేజీలో లెక్కల లెక్చరర్. భార్య మొహంలో తేడా వస్తే లెక్క తేలకపోయినా ప్రశ్న కనిపెట్టగలడు. హైమ సగం చెప్పింది. బొట్టు ఒకటి సరిగ్గా పనిచెయ్యలేదంది. గీత మాట ఎత్తలేదు.

"ఎల్లుండి మీటింగు ఉందిగా, ఇంకో ఆరు జిల్లాలకి ఇచ్చే విషయం. ముందు వెళ్ళి చూసిరా. తొందరపడి ఏదో ఒకటి అనేస్తే తర్వాత వెనక్కి తీసుకోలేవు," అన్నాడు.

అతను మంచికే అన్నాడు. ఆ మాట పట్టుకుని రేపటిదాకా ఊపిరి పీల్చుకోవచ్చని హైమ సంబరపడింది. ఆ సంబరాన్ని తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

మర్నాడు ఆసుపత్రిలో కోటమ్మ మంచం మీద చారగిలబడి ఉంది. అట్రోపిన్ ప్రభావానికి కంటిపాపలు ఇప్పుడు పెద్దవై, నోరు ఎండిపోయి ఉంది. కోడలు తిరుపతమ్మ చెంచాతో నీళ్ళు పోస్తోంది.

"గండం గడిచింది మేడం," అన్నాడు మస్తాన్‌వలి. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. "ఛాతీ పొడిగా ఉంది. ఇదివరకైతే రక్తం గుంటూరు పంపేవాళ్ళం. మీ బొట్టు వచ్చాక ఆ పరీక్ష అక్కర్లేదని పైనుంచి కాగితం వచ్చింది. ఇక మీ బొట్టే నాకు దిక్కు. కొత్తది పెట్టి చూడండి. ఎర్రగా ఉంటే రేపు పొద్దున పంపించేస్తాను. పదహారు మంచాలకి ఇరవై ఆరుగురు ఉన్నారు."

హైమ సంచిలో రెండు డబ్బాలున్నాయి. కొత్త గీతది ఒకటి, పాత గీతది ఒకటి. చెయ్యి లోపలికి పోయి రెండింటినీ తడిమింది. కొత్తదే బయటికి వచ్చింది.

ఆ పావుగంటా ఆమె దేవుడికి మొక్కుకుంది. నల్లబడు, నల్లబడు అని. అది నల్లబడితే నిజం బొట్టే చెప్పేస్తుంది, తను నోరు విప్పక్కర్లేదు. బొట్టు ఎర్రగానే ఉంది. ఇంకాస్త దిగితే నల్లబడేదే. ఆ ఇంకాస్త దిగేసరికి ఆ కింద మనిషి ఉండదు.

"ఇంకో రెండు మూడు రోజులు ఉంచితే?" అంది హైమ.

"ఎందుకు? ఏమైనా అనుమానమా?"

తలుపు బార్లా తీసి పెట్టినట్టు అడిగాడు ఆయన. ఒక్క మాట చాలు. హైమకి మీటింగు హాలు, పేర్లు రాసిన అట్టలు, పదకొండేళ్ళు గుర్తొచ్చాయి. "అబ్బే, ఊరికే. జాగ్రత్తకి," అంది.

"ఎర్రగా ఉందిగా మేడం," అని ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

కోటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ బొట్టు మంచిదేనమ్మా. నేనే ఎండకి తాళలేకపోయా. నిన్న వాంతి అయినప్పుడే ఇంటికి పోదామనుకున్నా. ముఠాలోవాళ్ళు నా మొగం చూసి, ఎర్రగానే ఉంది మేస్త్రీ, ఏం కాదులే అన్నారు. బొట్టు చూసుకోండే అని వాళ్ళకి నేర్పింది నేనేగా."

"ఇప్పుడెలా ఉంది?"

"మామూలేనమ్మా."

హైమ చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేసింది. కారులో కూర్చుని తనని తాను తిట్టుకుంది గానీ కారు మాత్రం గుంటూరు వైపే తిప్పింది.

మూడోరోజు మీటింగు పదకొండింటికి. హైమ పట్టుచీర కట్టుకుంది. కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఈ విషంలో మొదటి గండం గడిచాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య రెండో గండం ఒకటుంది. మనిషి తేరుకున్నట్టే ఉంటుంది. తర్వాత మెడ నిలవదు. ఆ వెనకే ఊపిరి తీసే కండలు చచ్చుబడతాయి. ఇది మస్తాన్‌వలికీ తెలుసు. బొట్టు ఎర్రగా ఉంది కాబట్టి ఆ భయం లేదనుకున్నాడు. భయం లేదని ఆయనకి చెప్పింది ఎవరు?

అదే చీరతో కారెక్కింది. ఎనిమిదిన్నరకి ఆసుపత్రికి చేరేసరికి కోటమ్మ మంచం మీద ఎవరో పిల్లాడు, కాలికి కట్టుతో.

"ఏడింటికే పంపించాం," అన్నాడు మస్తాన్‌వలి. "ఏం?"

వరండాలో నిలబడి హైమ చెప్పేసింది. పన్నెండు బొట్లు, నలభై, నూరు, జరిపిన గీత. మూడు వాక్యాలైంది. ఇన్నాళ్ళు మోసింది మూడు వాక్యాలేనా అనిపించింది.

ఆయన కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "నిన్న నేను అడిగాను మేడం. అనుమానమా అని అడిగాను."

"అడిగారు."

"అంబులెన్సు కాన్పు కేసుకి పోయింది. మీ కారు తియ్యండి." లోపలికి వెళ్ళి ఊపిరి కొట్టే సంచీ, ఆక్సిజన్ సీసా పట్టుకొచ్చాడు. రావులకొండ పన్నెండు కిలోమీటర్లు.

కోటమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. గడ్డం గుండెలకి ఆనుకుని ఉంది. తిరుపతమ్మ ఒక చేత్తో అత్త నుదురు పైకి పట్టుకుని, ఇంకో చేత్తో జావ తాగించబోతోంది.

"నిద్రమత్తు అనుకుంటానండీ," అంది తిరుపతమ్మ. "ఇంటికొచ్చిన కాడినుంచీ తల వాలిపోతంది."

"కోటమ్మా, తలెత్తు," అన్నాడు మస్తాన్‌వలి.

తల లేవలేదు. కళ్ళు మాత్రం పైకి లేచాయి.

"ఊపిరి పీల్చి ఒకటి రెండు లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... మూడు..." గొంతు ముక్కులోంచి వచ్చింది. నాలుగు అనలేకపోయింది.

ఆయన ఆమెని వెల్లకిలా పడుకోబెట్టి మూతికి ముసుగు బిగించి సంచీ నొక్కడం మొదలుపెట్టాడు. హైమ డబ్బా తీసి పాత గీత బొట్టు కోటమ్మ నుదుటి మీద పెట్టింది. ఇక ఆ బొట్టుతో డాక్టరుకి పనిలేదు. అయినా పెట్టింది. కోటమ్మని కారులో చేర్చి, ఆక్సిజన్ సీసా సర్ది, కొడుకుని పొలంనుంచి పిలిపించేసరికి అది నల్లబడింది. వాకిట్లో ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు చేరారు.

"అదేందమ్మా, నిన్న ఎర్రగా ఉందన్నారుగా?" అంది ఒకావిడ.

"నిన్నటిది అబద్ధం చెప్పింది," అంది హైమ. "దానికి అబద్ధం నేర్పింది నేను. మీ నుదుటి మీద ఉన్నవన్నీ అబద్ధాలే. తీసెయ్యండి. ఈ వారం ఎవరూ చేలోకి పోవద్దు. కళ్ళు మసకగా ఉన్నా, కండలు ఎగిరినా, కడుపులో తిప్పినా ఆసుపత్రికి రండి. మామూలే అని ఊరుకోవద్దు."

ఒకరొకరే నుదుళ్ళు తడుముకున్నారు.

తిరుగుదారిలో కారు హైమ నడిపింది. వెనక సీట్లో మస్తాన్‌వలి లెక్కపెడుతూ సంచీ నొక్కుతున్నాడు. ముందున్న అద్దంలో కోటమ్మ నుదురు కనిపిస్తుంటే చెయ్యి చాపి అద్దాన్ని పక్కకి తిప్పేసింది. ఫోను మోగింది. మీటింగువాళ్ళు. మోగి మోగి ఆగిపోయింది.

ఆ ఆసుపత్రిలో ఉన్న ఒక్క వెంటిలేటరు మీద కోటమ్మ పంతొమ్మిది రోజులు ఉంది. గుండె ఒకసారి తడబడింది, జ్వరం రెండుసార్లు వచ్చింది. కోటమ్మని చేర్చిన రోజే హైమ పైవాళ్ళందరికీ జరిగింది రాసేసింది. ఎనిమిది వేల ఫోన్లకి మెసేజీ వెళ్ళింది, బొట్టు ఎర్రగా ఉన్నా నమ్మొద్దని. ల్యాబు తాళాలు తీసేసుకున్నారు. విచారణకి పిలిచినవాళ్ళకి ఆమె అడిగినదానికన్నా ఎక్కువే చెప్పింది. వాళ్ళకే ఇబ్బంది అనిపించి కొంత రాసుకోవడం మానేశారు. శేషగిరి ఆమెని ఒక్క మాట అనలేదు. ఆరోజు తను అన్నమాట గుర్తుచేసుకుని ఆయనే సరిగ్గా అన్నం తినడం మానేశాడు. హైమకి అది ఇంకో బరువైంది.

రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి వార్డు బయట బల్ల మీద కూర్చునేది. తిరుపతమ్మ మొదటి వారం ఆమెవైపు చూడలేదు. రెండో వారం ఒకరోజు "కాసేపు చూస్తా ఉండండి, అన్నం తినొస్తా" అంది. అంత నమ్మకం తనకి ఇచ్చినందుకు హైమ ఆ అరగంటా మంచం మీంచి చూపు తిప్పలేదు. పక్కన మెషీను ఊపిరి పోస్తుంటే తన ఊపిరి కూడా దానితో పాటే ఆడింది.

ఇరవయ్యో రోజు గొట్టం తీశారు. ఇరవైమూడో రోజుకి కోటమ్మ మాట్లాడింది. గొంతు బొంగురుగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. తిరుపతమ్మ అప్పటికే అంతా చెప్పింది. అయినా హైమ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది, ఏమీ దాచకుండా.

"నీకు తెలుసా ముందే?" అంది కోటమ్మ.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజునుంచే."

కోటమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తిడుతుందని హైమ కాసేపు ఆగింది. తిడితే బాగుండనుకుంది. ఆ సుఖం కోటమ్మ ఆమెకి ఇవ్వలేదు.

"నా సంగతి అయిపోయింది," అంది చివరికి. "ఆ రోజు నాతో వరండాలో కూర్చున్నోళ్ళ మాటేంది?"

"అందర్నీ తీసుకొస్తాను. డాక్టరుగారు రక్తం గుంటూరు పంపుతామన్నారు. బాగయ్యేదాకా మందు చేలోకి వెళ్ళకుండా ఉండాలి. మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. దాని గురించి కూడా అడుగుతున్నాను, ఎవర్ని అడగాలో వాళ్ళని. నా కాగితాలన్నీ ల్యాబులో ఉండిపోయాయి. పేర్లు చెప్పు."

కోటమ్మ చెప్పింది. "చినఅంకమ్మ. యలమందమ్మ. బూబమ్మ. మంగ. రాహేలు..." ఒక్కో పేరుకీ ఆగుతూ, ముఠాని వరసలో నిలబెట్టినట్టు చెప్పుకుంటూ పోయింది. హైమ ఒకదాని కింద ఒకటి రాసింది.

పేర్లు ఆగాయి. హైమ లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టింది.

"నీతో కలిపి పదకొండే అయ్యాయి కోటమ్మా. పన్నెండుమంది కదా. ఇంకొకరు ఎవరు?"

"సామ్రాజ్యం."

"ఆవిడ ఊళ్ళో లేదా?"

కోటమ్మ ఊపిరి కూడగట్టుకుంది.

"దసరా వెళ్ళిన మూడోనాడు పైపు లాగి ఇంటికొచ్చింది. అలసటగా ఉందని పడుకుని మళ్ళా లేవలా. గుండాగి పోయిందన్నారు. మందేమోనని నాకు అనుమానం వచ్చింది. అందరం ఒంగి మొగం చూశాం. నీ బొట్టు ఎర్రగానే ఉంది. మందు కాదులే అనుకున్నాం. మొగుడున్న మనిషిగా. పసుపు రాసి, కొత్త చీర కట్టాం. బొట్టు మారుద్దామంటే నేనే వద్దన్నా. చక్కగా ఉందిగా అని దాంతోనే సాగనంపాం."

హైమ చేతిలో పెన్ను కాగితం మీద అలాగే ఆగింది. తర్వాత అట్టడుగున, చివరి పేరు కింద, స అనే అక్షరం మొదలుపెట్టింది.

"అక్కడ కాదు," అంది కోటమ్మ. "మొదట రాయి."

హైమ ఇంకో కాగితం తీసుకుంది.